అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివే పిల్లలతో ధారాళంగా చదివించడం ఎలా?

కావాల్సింది పెద్దగా ఏమీ లేదు. ఒక చార్టు, నల్ల స్కెచ్ పెన్ను, ఒక పుల్ల, రోజూ పదిహేను నిమిషాలు. పొద్దున ప్రార్థన అవగానే పెట్టుకోండి, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక వద్దు.

పాఠం మీరే రాయండి. ఆరు వాక్యాలు చాలు. జూన్ వస్తే మా చిత్తూరు వైపు తోతాపురి మామిడికాయలతో ట్రాక్టర్లు జ్యూస్ ఫ్యాక్టరీల ముందు బారులు తీరతాయి, నేను వాటి మీదే రాస్తాను. పుస్తకంలో పాఠం పనికిరాదు, తరగతంతా కలిసి అరిచి అరిచి అది అందరి నోటికీ వచ్చేసి ఉంటుంది. నమ్మకం లేకపోతే అందులోని మాటలనే అటూ ఇటూ మార్చి బోర్డు మీద రాయండి. నిన్న గడగడా అప్పజెప్పినవాడు నీళ్లు నములుతాడు.

తర్వాత పుల్ల జరుపుతూ మీరు రెండుసార్లు చదవండి. అక్షరం అక్షరానికీ పుల్ల ఆపొద్దు. 'ట్రాక్టరు నిండా / తోతాపురి కాయలు / ఉన్నాయి' అని గొంతు ఆగేచోట గీత పెట్టండి. ఆపైన పిల్లల్ని జంటలుగా కూర్చోబెట్టి తలా మూడుసార్లు చదివించండి.

అసలు కష్టం ఇప్పుడే. పిల్ల ఒక మాట దగ్గర ఆగిపోతుంది. వెంటనే మనం అందించేస్తాం. దయచేసి ఆ పని చేయకండి. మనసులో ఐదు దాకా లెక్కపెట్టండి. వెనక నుంచి ఎవరూ అందించకూడదన్న కట్టడి మొదటి రోజే పెట్టాలి, లేకపోతే ఆగిన పిల్ల చార్టు వదిలేసి పక్కవాళ్ల నోటివైపు చూడడం నేర్చుకుంటుంది.

ఈలోగా ఆ పిల్ల కన్ను ఎక్కడుందో గమనించండి. ఎక్కువమంది తడబడేది ఒత్తు దగ్గర. చూపు పై అక్షరాల వెంట పోతుంది, ఒత్తేమో కింద ఉంటుంది. అందుకే 'గుడ్డి' కాస్తా 'గుడి' అవుతుంది, 'గడ్డి' 'గడి' అవుతుంది. ఒత్తు కింద వేలు పెట్టి ఊరుకోండి, ఏమీ చెప్పొద్దు. అప్పటికీ రాకపోతే మాటను చేత్తో మూసి ఒక్కో అక్షరమే చూపించండి. 'ఫ్యాక్టరీ' లాంటి మాటకు ఇది తప్పదు.

మాట పలకగానే ముందుకు పోనివ్వకండి. వాక్యం మొదటినుంచీ మళ్లీ చదివించండి. చాలామంది ఇది వదిలేస్తారు, అందుకే వాక్యం ముక్కలుగానే మిగిలిపోతుంది.

తమిళనాడు సరిహద్దున ఉన్న నగరి వైపు ఇంట్లో తమిళం మాట్లాడే పిల్లలు 'భయం'ను 'బయం' అంటే అది చదవడంలో తప్పు కాదు. తమిళ లిపిలో 'బ'కూ 'భ'కూ వేరే అక్షరాలు లేవు. సరైన పలుకు ఒకసారి మీ నోట వినిపించి వదిలేయండి.

గడియారం పట్టుకోవద్దు. చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు రావాలని కేంద్రం 2021లో మొదలుపెట్టిన నిపుణ్ భారత్ కార్యక్రమం మూడో తరగతికి నిమిషానికి 60 మాటలు లక్ష్యంగా పెట్టింది. కానీ తెలుగులో 'వెళ్లాల్సినవాళ్లందరూ' కూడా ఒక్క మాటే. నెలకోసారి పిల్లలకు తెలియకుండా లెక్కచూసుకోండి చాలు. తొందరపెడితే మాటల చివర్లు మింగేస్తారు.

అదే చార్టు ఐదు రోజులు చదివించండి. రోజూ ఒక ప్రశ్న అడగండి: ట్రాక్టర్లు ఎందుకు ఆగాయి? శనివారం నోట్సులో ఎక్కించి ఇంటికి పంపండి, అవ్వకు చదివి వినిపించమనండి. 'మన కాయలు ఎప్పుడు దించుతారంట?' అని అవ్వ అడిగితే, పిల్ల ఆ వాక్యం వెతికి మళ్లీ చదివి చెప్పాలి.