ఎగుమతి కాంట్రాక్టులో ‘ఆంక్షల చట్టం’ నిర్వచనం ఎలా రాసుకోవాలి?

విదేశీ కొనుగోలుదారు పంపే కాంట్రాక్టు డ్రాఫ్టులో, చివరి పేజీల్లో ఎక్కడో ఈ వాక్యం కనిపిస్తుంది: ‘వర్తించే ఆంక్షల చట్టాలన్నిటికీ ఇరు పార్టీలూ కట్టుబడి ఉండాలి.’ ఆంక్షలంటే ఫలానా దేశంతో, సంస్థతో లేదా వ్యక్తితో వ్యాపారం, చెల్లింపులు చేయకూడదని ప్రభుత్వాలు పెట్టే నిషేధాలు (శాంక్షన్స్). ఆ వాక్యం చదివితే అందులో తప్పేమీ తోచదు. సరుకు సముద్రం మీద ఉండగా పేచీ వస్తే మాత్రం మొదటి ప్రశ్న అక్కడే పుడుతుంది: ఏ దేశపు చట్టం, ఎవరికి వర్తించేది? ధర, గడువు ఎంత జాగ్రత్తగా రాసుకుంటారో ఈ నిర్వచనాన్నీ అంత జాగ్రత్తగా, సంతకానికి ముందే రాసుకోవాలి.

1. లావాదేవీ నడిచే దారిని కాగితం మీద గీయండి

విశాఖ నుంచి రొయ్యలో, హైదరాబాద్ నుంచి మందులో పంపుతున్నారనుకోండి. డబ్బు ఏ కరెన్సీలో, ఏ బ్యాంకుల మీదుగా వస్తుంది? ఓడ ఎవరిది, బీమా ఎవరిది? సరుకు చివరికి ఎవరి చేతికి చేరుతుంది? కొనే కంపెనీలో వాటాలు ఎవరివి? ఒక్కో చోట ఏ దేశపు చట్టం తగులుతుందో పక్కన రాసుకోండి.

ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఆంక్షలను మన దేశం 1947 నాటి ప్రత్యేక చట్టం కింద అమలు చేస్తుంది. అమెరికా, ఐరోపా యూనియన్ సొంతంగా విధించేవి భారతీయ చట్టం కావు. అలాగని పక్కన పెట్టేయలేం. డాలర్ చెల్లింపు మామూలుగా అమెరికాలోని కరస్పాండెంట్ బ్యాంకు (ఇతర దేశాల బ్యాంకుల తరఫున డబ్బు దాటించే మధ్యవర్తి బ్యాంకు) గుండా వెళ్తుంది. అక్కడ ఆపితే డబ్బు అక్కడే ఆగిపోతుంది.

2. ‘వర్తించే’ అన్న మాట తీసేసి పేర్లు రాయండి

ఇలా రాయవచ్చు: ‘ఆంక్షల చట్టం అంటే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి, భారత ప్రభుత్వం, అమెరికా ట్రెజరీ శాఖలోని ఓఫాక్, ఐరోపా యూనియన్, బ్రిటన్ ప్రభుత్వం విధించే లేదా అమలు చేసే ఆర్థిక, వాణిజ్య ఆంక్షలు, ఆయా సమయాల్లో సవరణల తర్వాత అమల్లో ఉన్న రూపంలో.’

ఇందులో ఓఫాక్ అంటే అమెరికా ఆంక్షలను అమలు చేసే కార్యాలయం. మీరు గీసిన దారిలో తగలని సంస్థను కొట్టేయండి. ‘మరే ఇతర దేశపు చట్టమైనా’ అనే తోక ఉంటే ఒప్పుకోవద్దు. మీకు పేరు కూడా తెలియని నిబంధనను చూపించి అవతలివారు తప్పుకోవడానికి అది చాలు. దేశాల జాబితా కూడా నిర్వచనంలో పెట్టకండి. సిరియాపై దశాబ్దాలుగా ఉన్న ఆంక్షల కార్యక్రమాన్ని అమెరికా 2025 జూన్ 30న రద్దు చేసింది. అంతకుముందు సిరియా పేరు రాసేసుకున్న కాంట్రాక్టులో, చట్టం పోయినా నిషేధం మిగిలిపోతుంది.

3. ‘ఆంక్షలకు గురైన వ్యక్తి’ ఎవరో లెక్కతో చెప్పండి

ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. ఆంక్షలు పడిన వ్యక్తులు, సంస్థల పేర్లతో ప్రభుత్వాలు ప్రకటించే జాబితాలో కంపెనీ పేరు వెతికి, లేదని తేలగానే ఊరుకుంటారు. కానీ ఓఫాక్ 2014 ఆగస్టులో సవరించిన మార్గదర్శకం ప్రకారం, జాబితాలోని వారి వాటాలన్నీ కలిపి 50 శాతం లేదా అంతకు మించితే, ఆ కంపెనీ పేరు ఏ జాబితాలో లేకపోయినా ఆంక్షల కిందకే వస్తుంది. బ్రిటన్ కొలత వేరు: 50 శాతానికి పైగా వాటా గానీ, కంపెనీపై నియంత్రణ గానీ ఉండాలి. వేర్వేరు వ్యక్తుల వాటాలను, వారి మధ్య ఉమ్మడి ఏర్పాటు లాంటిది లేకుండా, అక్కడ ఊరికే కూడరు.

జాబితాలో ఉన్న ఒకరికి 30 శాతం, మరొకరికి 25 శాతం ఉన్నాయనుకోండి. మొత్తం 55. అమెరికా లెక్కలో ఆ కంపెనీతో లావాదేవీ కుదరదు, బ్రిటన్ లెక్కలో కుదరవచ్చు. అందుకే ‘ఆయా ఆంక్షల చట్టం కొలమానం ప్రకారం జాబితాలోని వారి యాజమాన్యంలో లేదా నియంత్రణలో ఉన్న సంస్థ’ అని రాయాలి.

మన దేశంలోనే ఉదాహరణ ఉంది. గుజరాత్‌లోని వాడినార్ రిఫైనరీని నడిపే నయారా ఎనర్జీలో రష్యా కంపెనీ రాస్‌నెఫ్ట్ వాటా 49.13 శాతం. 2025 అక్టోబరులో అమెరికా రాస్‌నెఫ్ట్‌ను జాబితాలో పెట్టింది. ఆ వాటా ఒక్కదాన్నే చూస్తే 50 శాతం గీత దాటదు. ఐరోపా యూనియన్ మాత్రం అంతకుముందే, జూలై 18న, నయారాను నేరుగా తన జాబితాలో చేర్చింది.

4. క్లాజు ఎప్పుడు పనిచేయాలో తేల్చండి

ఆంక్షల కారణంగా ఒక పార్టీ తన పని ఆపుకోవచ్చని చెప్పే క్లాజులో ‘ఆంక్షల ముప్పు ఉంటే’ అని రాస్తే ఎదుటివారికి తలుపు బార్లా తెరిచినట్టే. మామన్‌కోషె కేసులో (2018) బీమా కంపెనీల పాలసీలో ‘చెల్లింపు బీమా కంపెనీని ఆంక్షలకు గురిచేస్తే చెల్లించనక్కరలేదు’ అన్న అర్థం వచ్చే క్లాజు ఉంది. చెల్లింపు చట్టప్రకారం నిజంగా నిషిద్ధమైతేనే అది వర్తిస్తుందని, నిషేధం కిందకు వస్తుందేమోనన్న అనుమానం చాలదని ఇంగ్లండ్ హైకోర్టు చెప్పింది. అమ్మేవారైతే ‘ఆంక్షల చట్టం ఆ పార్టీకి ఆ పనిని నిషేధించినప్పుడు మాత్రమే’ అని పట్టుబట్టండి.

సెకండరీ ఆంక్షల సంగతి వేరుగా రాయాలి. అమెరికాతో సంబంధం లేని లావాదేవీ చేసిన విదేశీ సంస్థను కూడా తన మార్కెట్‌కు దూరం పెడతానని అమెరికా బెదిరించే తరహా ఇది. లమేసా కేసులో ఒక బ్రిటిష్ బ్యాంకు ఆ భయంతోనే రుణంపై వడ్డీ ఆపింది. కాంట్రాక్టులోని ‘తప్పనిసరి చట్ట నిబంధన’ అన్న మాట కిందకు ఇదీ వస్తుందని అప్పీల్ కోర్టు 2020లో తేల్చింది. మీకు అవి అక్కరలేదనుకుంటే, నిర్వచనంలో అవి చేరవని రాయాల్సిందే.

5. ఆగిపోతే ఏం జరుగుతుందో రాయండి

ముందు నిలుపుదల, ఇన్ని రోజులు దాటితే రద్దు అని విడదీయండి. అందిన సరుకు తాలూకు బాకీ రద్దుతో పోదని చేర్చండి. మరో కరెన్సీ తీసుకోవడానికి సిద్ధమైతే అదీ ముందే రాయండి. డాలర్లకు బదులు యూరోలు, మార్పిడి ఖర్చుతో సహా, ఇస్తామన్నా ఓడ యజమాని ఒప్పుకోనక్కరలేదని, కాంట్రాక్టులో ఉన్నది డాలరేనని, ఎంయూఆర్ షిప్పింగ్ కేసులో బ్రిటన్ సుప్రీంకోర్టు 2024 మే 15న చెప్పింది.

6. అవతలివారు ఐరోపా యూనియన్ కంపెనీ అయితే

క్యూబా, ఇరాన్‌లపై కొన్ని అమెరికా ఆంక్షలను పాటించకుండా 1996 నాటి ఐరోపా నిబంధన వారిని కట్టడి చేస్తుంది. కనుక ‘ఒక పార్టీకి తన దేశ చట్టం అడ్డొచ్చిన మేరకు ఈ క్లాజు వర్తించదు’ అని చేర్చమంటారు, ఒప్పుకోవచ్చు. మీరు అక్కడి నుంచి కొన్ని రకాల ఎలక్ట్రానిక్ భాగాలు, విమాన విడిభాగాల వంటివి కొంటే మాత్రం, రష్యాకు తిరిగి ఎగుమతి చేయబోమన్న హామీ అడుగుతారు. 2024 మార్చి 20 నుంచి అది రాయించుకోవడం వారికి చట్టపరమైన బాధ్యత. బేరమాడి తీసేయించలేరు. ఉల్లంఘనకు రాసిన జరిమానా ఎంతో చూసుకుని సంతకం చేయండి.

7. సరిచూసే తేదీలు

సంతకం రోజు ఒకసారి, ప్రతి షిప్‌మెంట్‌కు ముందు, ప్రతి చెల్లింపుకు ముందు జాబితాలు చూసి, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్ దాచండి. అమెరికా ఆంక్షల రికార్డులు దాచాల్సిన గడువు 2025 మార్చి 12 నుంచి 5 ఏళ్ల బదులు 10 ఏళ్లయింది. లావాదేవీ డాలర్లలో ఉంటే ఆ ఫైలును అంతకాలం ఉంచండి.