వాకీ టాకీలో మాట తేటగా వినపడాలంటే – 3వ పాఠం: మైకు వైపు

యాంటెన్నా, బ్యాటరీ సంగతులు మొదటి రెండు పాఠాల్లో అయిపోయాయి. ఈసారి మైకు. మిర్యాలగూడ వైపు రైస్ మిల్లుల్లో సెట్లు వాడేవాళ్లు ఎక్కువగా అడిగేది "అన్నా, రేంజ్ పెంచేది ఏమన్నా ఉందా" అనే. తీరా ఆ సెట్టు తీసుకుని వింటే చాలాసార్లు సిగ్నల్ బ్రహ్మాండంగా ఉంటుంది, మాటే అర్థం కాదు. కాంటా దగ్గర్నుంచి బాయిలర్ దాకా ఎంత దూరమని? ఆ దూరానికి రేంజ్ చాలకపోవడం ఏంటి!

అందుకే ముందు చెవికి ఒక తేడా నేర్పాలి. మాట వెనకాల 'స్స్‌స్స్' అని హిస్ వస్తూ, మనిషి కదిలినప్పుడల్లా అది పెరుగుతూ తగ్గుతూ ఉంటే అది సిగ్నల్ బలహీనత, దానికి మందు మొదటి పాఠంలో ఉంది. హిస్ అసలు లేకుండా గొంతు మాత్రం పగిలినట్టో ముద్దముద్దగానో వస్తే, లేదా గొంతుతోపాటు మిషన్ల రొద మొత్తం వచ్చి పడుతుంటే, అది అవతల మాట్లాడేవాడి మైకు వైపు తేడా. ఇక్కడ వాట్లు పెంచినా, వెయ్యి రూపాయలు పెట్టి కొత్త యాంటెన్నా తెచ్చినా ఒరిగేదేం లేదు.

అనుమానంగా ఉంటే రెండు సెట్లు పట్టుకుని మిల్లు బయట ఖాళీ స్థలంలోకి పోండి. ముప్పై నలభై మీటర్ల దూరంలో నిలబడి మామూలు గొంతుతో మాట్లాడండి. మరీ పక్కపక్కన నిలబడితే కూత వస్తుంది, ఏమీ తెలియదు. బయట తేటగా ఉండి లోపల పాడవుతుంటే సెట్టు మంచిదే, రొద సమస్య. బయట కూడా ముద్దగానే వస్తే సెట్టులోనే ఏదో ఉంది.

ఇప్పుడు అరుపుల సంగతి. పాలిషర్ల (బియ్యానికి మెరుగుపెట్టే మిషన్ల) దగ్గర నిలబడ్డవాడు సెట్టును పెదాలకు ఆనించి గొంతు చించుకుంటాడు, అవతలివాడు "సమజ్ కాలే, మళ్ల చెప్పు" అంటాడు, ఇతను ఇంకా గట్టిగా అరుస్తాడు. ఇవి ఎఫ్ఎం సెట్లు కదా, గొంతు పెరిగేకొద్దీ తరంగం ఫ్రీక్వెన్సీ అటూ ఇటూ ఊగడం పెరుగుతుంది. 12.5 కిలోహెర్ట్జ్ వెడల్పున్న ఛానెల్‌లో ఆ ఊపు 2.5 కిలోహెర్ట్జ్ దాటకూడదు కాబట్టి సెట్టులో ఒక లిమిటర్ ఉంటుంది, హద్దు దాటిన శిఖరాలను అది కోసేస్తుంది. అంటే మీరు ఎంత అరిచినా అవతల శబ్దం పెరగదు, మాట నలిగిపోతుంది అంతే. పైగా పెదాలకు ఆనిస్తే 'ప, బ, భ' అన్నప్పుడల్లా ఊపిరి నేరుగా మైకుకు కొట్టుకుని టప్ టప్ మంటుంది.

మరి రొదను ఎలా గెలవాలి? దూరంతో. నోటికీ మైకుకూ మధ్య దూరం సగమైన ప్రతిసారీ మీ గొంతు మైకు దగ్గర సుమారు 6 డెసిబెల్స్ పెరుగుతుంది, మిషన్ రొద మాత్రం ఉన్నచోటే ఉంటుంది. సెట్టును ఛాతీ దగ్గర 20 సెంటీమీటర్ల దూరంలో పట్టుకున్నవాడు 5 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే గొంతు అరవకుండానే 12 డెసిబెల్స్ ముందుకొస్తుంది. అయిదు సెంటీమీటర్లంటే మూడు వేళ్లు పక్కపక్కన పెట్టినంత. మైకును నోటికి ఎదురుగా కాకుండా కాస్త పక్కకు, పెదవి మూల దగ్గర పెట్టుకోండి, ఊపిరి దాటిపోతుంది. గొంతు మామూలుగా, ఎదురుగా కూర్చున్న మనిషితో మాట్లాడినట్టే. అలవాటు కావడానికి కొంచెం టైం పడుతుంది, ఎందుకంటే రొదలో ఉంటే మన గొంతు మనకు తెలియకుండానే లేస్తుంది. మిషన్ వైపు వీపు పెట్టి నిలబడితే మీ ఒళ్లు కూడా రొదను కొంత ఆపుతుంది.

రొద తగ్గించే మైకు కొన్నవాళ్లకు ఒక మాట. చాలా రకాల్లో దానికి ముందొక రంధ్రం, వెనకొక రంధ్రం ఉంటాయి. దూరం నుంచి వచ్చే రొద రెండింటికీ ఇంచుమించు సమానంగా చేరి ఒకదాన్నొకటి కొట్టేసుకుంటుంది, దగ్గరున్న నోటి మాట ముందు రంధ్రానికే ఎక్కువగా తగిలి బతుకుతుంది. వెనక రంధ్రం మీద వేలు పడ్డా, టేపు పడ్డా అది మామూలు మైకే. దూరంగా పట్టుకుంటే మీ మాటనూ రొద కిందే జమకట్టి కొట్టేస్తుంది. డిజిటల్ సెట్లు హిస్‌ను బాగా అణుస్తాయి గానీ, అవి మనిషి గొంతు నమూనా ప్రకారం మాటను పిండి పంపుతాయి, కాబట్టి మైకులోకి ధాన్యం పైకెత్తే ఎలివేటర్ మోత దూరితే రోబో మాట్లాడినట్టు వస్తుంది. అక్కడా మూడు వేళ్ల దూరమే.

ఇక దుమ్ము. మన మిల్లుల్లో ఇదే అసలు శత్రువు. సెట్టు ముందు భాగంలో మైకు రంధ్రం గుండుసూది తలంత ఉంటుంది, చాలామందికి అది ఎక్కడుందో కూడా తెలియదు. తవుడులో నూనె ఉంటుంది కదా, చేతి చెమట తోడై ఆ రంధ్రంలో జిగురు పొరలా కూర్చుంటుంది. గొంతు దుప్పటి కింద నుంచి వచ్చినట్టు వినపడుతుంటే ముందు చూడాల్సింది ఇదే. సెట్టు ఆఫ్ చేసి, బ్యాటరీ తీసి, మైకు రంధ్రం నేలవైపు ఉండేలా పట్టుకుని పొడి మెత్తటి టూత్‌బ్రష్‌తో దులపండి. పిన్ను పెట్టి పొడవద్దు. సార్టెక్స్ (రంగు చూసి బియ్యం ఏరే మిషన్) కంప్రెసర్ గాలి కొట్టడం చాలా మిల్లుల్లో అలవాటు, ఆ ఒత్తిడికి లోపలి పొర చిరిగిపోతుంది. దుమ్ము పడకుండా పాలిథిన్ కవర్ తొడిగేవాళ్లు కూడా మైకు, స్పీకర్ రెండింటినీ కప్పేసి "సౌండ్ తగ్గింది" అంటుంటారు!

బటన్ నొక్కగానే మాట్లాడటం ఇంకో జబ్బు. సెట్టు ప్రసారం మొదలవడానికి కొంచెం టైం, అవతలి సెట్టు సబ్‌టోన్ (మాటతోపాటు చెవికి వినపడకుండా వెళ్లే గుర్తు టోన్) గుర్తుపట్టి స్పీకర్ తెరవడానికి ఇంకొంచెం, దానికి బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే కునుకు లోంచి లేవడానికి మరికొంచెం. ఈలోపు మీ మొదటి అక్షరం పోతుంది. తెలుగులో ఇది చాలా ప్రమాదం. అరవై, ఇరవై – మొదటి అక్షరం పోతే రెండూ 'రవై'. లారీలో ఎన్ని బస్తాలో 'రవై' అని విన్నవాడు ఏం రాసుకోవాలి? నొక్కి, అర సెకను ఆగి, అప్పుడు మొదలుపెట్టండి. ఆగడం మరిచిపోయినా నష్టం లేకుండా, అంకెను ఎప్పుడూ మొదట పెట్టకండి: "కాంటా, కాంటా, బస్తాలు ఇరవై, రెండు సున్నా." పోతే 'కాంటా' పోతుంది, పోనీ. ఫోన్‌లో విన్నంత హాయిగా 'స, శ' తేడాలు మాత్రం ఆశించవద్దు, మామూలు సెట్టు పంపేది సుమారు 300 నుంచి 3000 హెర్ట్జ్ దాకానే, ఆ అక్షరాల ఈల చాలావరకు అంతకు పైనే ఉంటుంది.

పాత సెట్లకు తోడు కొత్తవి కొన్నాక గొంతు పాడైందంటే మెనూలో వైడ్, నారో సెట్టింగ్ చూడండి. ఒకటి వైడ్‌లో, అంటే 25 కిలోహెర్ట్జ్‌లో, ఇంకొకటి నారోలో, అంటే 12.5లో ఉంటే ఒకవైపు గొంతు సన్నగా, ఇంకోవైపు పగిలినట్టు వస్తుంది. మీ లైసెన్సులో ఏది రాసి ఉందో అన్నిటికీ అదే పెట్టించండి. లైసెన్సు అక్కర్లేని 446.0–446.2 మెగాహెర్ట్జ్ సెట్లైతే అవి నారోలోనే వస్తాయి, కాకపోతే వాటికి ప్రభుత్వ టైప్ అప్రూవల్ ఉందో లేదో కొనేముందే అడగండి.

ఈ పాఠం హోంవర్క్: "కాంటా, బస్తాలు అరవై, ఆరు సున్నా" అనే మాటనే పాలిషర్ దగ్గర నిలబడి మూడు రకాలుగా చెప్పించండి, ఛాతీ దగ్గర పట్టుకుని, పెదాలకు ఆనించి అరుస్తూ, మూడు వేళ్ల దూరంలో మామూలుగా. అవతల ఆఫీసు గదిలో స్పీకర్ పక్కన ఫోన్ పెట్టి మూడూ రికార్డు చేయండి. మాట్లాడినవాడికే వినిపించండి, మీరు చెప్తే నమ్మడు. వచ్చే పాఠంలో వినేవైపు: స్పీకర్, ఇయర్‌పీస్, స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకర్‌ను మూసి ఉంచే ఏర్పాటు).