సారస పక్షిని గుర్తించడం, మూడవ పాఠం: చాచిన మెడ చాలదు

మెడ ముడుచుకొని ఎగిరే పక్షి సారసం కాదని గత పాఠంలో చెప్పుకొన్నాము. ఆ పాఠపు అభ్యాసానికి మీరు పంపిన జవాబులలో సగానికి పైగా ఆ మాటను తిరగవేసి, మెడ చాచి ఎగిరిన ప్రతి పెద్ద పక్షినీ సారసంగా నమోదు చేశాయి. కాబట్టి ఈ వారం రావలసిన గూళ్ల విషయాన్ని కుదించి, ముందుగా ఈ చిక్కును విప్పుదాము.

మెడ ముడుపు అనే పరీక్ష నారాయణపక్షులను, తెల్లకొంగలను ఏరివేయడానికి మాత్రమే పనికివస్తుంది. నత్తగుల్ల కొంగలు, కంకణాలు (ఐబిస్ పక్షులు), పులికాట్‌కు వచ్చే ఫ్లెమింగోలు, గుంటూరు దగ్గరి ఉప్పలపాడులో చెట్ల మీద గూళ్లు కట్టే, నత్తగుల్ల కొంగల కుటుంబానికే చెందిన పెయింటెడ్ స్టార్క్‌లు కూడా మెడ చాచియే ఎగురుతాయి. ఒకరు పంపిన ఫొటోలో పక్షి తుమ్మచెట్టు కొమ్మ మీద నిలబడి ఉన్నది. అంతటితోనే చర్చ ముగియవలసింది. సారసానికి వెనుక వేలు చిన్నదై, మిగిలిన వేళ్ల కంటే పైన ఉండటం వలన అది కొమ్మను పట్టుకోలేదు. దాని తిండి, నిద్ర, గూడు అన్నీ నేల మీదనో, లోతు తక్కువ నీటిలోనో సాగుతాయి.

ఎత్తును నమ్మవద్దు. ఎగిరే పక్షులలో ఇదే అత్యంత పొడవైనదనీ, దాదాపు ఆరడుగులు ఉంటుందనీ అందరికీ తెలిసినదే. అయితే పక్కన మనిషో గేదెయో లేనిదే దూరం కంటిని మోసగిస్తుంది. బూడిదరంగు ఒళ్లు, ఈకలు లేని ఎర్రని తల, పైమెడ ఉన్నాయా అని చూడండి. పిల్ల పక్షుల తల గోధుమరంగులో ఉంటుంది గనుక ఎరుపు లేదని తొందరపడి కొట్టివేయకండి.

నా మటుకు నేను కంటి కంటే చెవినే ఎక్కువగా నమ్ముతాను. సారసపు శ్వాసనాళం రొమ్ముటెముకలోకి చుట్టలు తిరిగి ఉండటం వలన దాని కూత బూరలా చాలా దూరం వినిపిస్తుంది. ఎదిగిన స్టార్క్‌లు గొంతెత్తలేక ముక్కు టకటకలాడిస్తాయి. చూపులకు ఆడ, మగ ఒకేలా ఉన్నా, జంట కూతలో మగది ఒకసారి కూస్తే ఆడది రెండుసార్లు కూస్తుంది. అప్పుడు మగది రెక్కలను వీపు మీదుగా పైకెత్తుతుంది, ఆడది ముడుచుకొనే ఉంచుతుంది.

గూడు సంగతి క్లుప్తంగా: వానాకాలంలో, నిలిచిన నీటిలోనో వరిచేలోనో తుంగ, గడ్డి కుప్పవేసి సాధారణంగా రెండు గుడ్లు పెడుతుంది, ఇద్దరూ మార్చి మార్చి సుమారు నెలరోజులు పొదుగుతారు.

అభ్యాసం: ఒకప్పుడు దక్షిణాన గోదావరి దాకా ఉండిన ఈ పక్షి ఇప్పుడు తెలుగునాట అరుదు, ఉత్తర ప్రదేశ్‌లోని ఇటావా, మైన్‌పురి పొలాలకు వెళ్లగలిగినవారు వెళ్లండి. మిగిలినవారు ఒక ఉదయమంతా ఊరి చెరువు గట్టున కూర్చొని, కనిపించిన ప్రతి పెద్ద పక్షికీ అది ఎందుకు సారసం కాదో రెండేసి కారణాలు రాయండి. మెడ అనే మాట ఎక్కడా రాకూడదు.