ఎల్క్ కొండల్లో నేల పేర్లు: మ్యాపులో పట్టుకోవడం, గాలితో కలిపి చదవడం

అమెరికా పశ్చిమాన రాకీ పర్వతాల్లో ఎల్క్ (జింక జాతి పెద్ద జంతువు) వేటగాళ్లు "బెంచ్ మీద పడుకుంది, శాడిల్ దాటి పార్క్‌లోకి దిగుతుంది" అనుకుంటారు. మాటలన్నీ విన్నవే, కలిపితే మాత్రం ఏ ముక్కా అర్థం కాదు. కొలరాడోలోనో మోంటానాలోనో ఉంటూ మొదటిసారి ట్యాగ్ (వేట అనుమతి) తీసుకున్న తెలుగువాళ్లు ఇక్కడ తడబడటం సహజం. మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం తర్వాత వేట లేదు, ఆ మాటలు వేట అర్థంలో మన చెవిన పడలేదు. అయితే ఆ ఆకారాలకు మనకూ పేర్లున్నాయి: కనుమ, వంక, అరుగు, కొండ వెన్ను. వాటిని పక్కన పెట్టుకుని నేర్చుకుంటే తొందరగా పట్టుబడతాయి. ఒక్కో పేరుతో పాటు మ్యాపులో దాని గీత, అక్కడ గాలి నడిచే తీరు, ఎల్క్‌కు అక్కడ ఉన్న పని కూడా తెలియాలి. ఇవి లేకుండా పేరు ఒక్కటే నేర్చుకుంటే కొండ మీద అక్కరకు రాదు.

ముందు మ్యాపు. యూఎస్‌జీఎస్ (అమెరికా ప్రభుత్వ భూగర్భ సర్వే సంస్థ) వాళ్ల 1:24,000 స్కేలు టోపో షీటు (నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపు) కాగితం మీద తీసుకోండి. గోధుమరంగు గీతలు ఎత్తును చెబుతాయి. కొండ ప్రాంతపు షీట్లలో గీతకూ గీతకూ మధ్య సాధారణంగా 40 అడుగుల ఎత్తు ఉంటుంది. షీటు కింది అంచులో ఆ అంకె రాసి ఉంటుంది, అది చూడకుండా మొదలుపెట్టొద్దు. ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది, దాని మీద ఎత్తు అంకె వేస్తారు. ఈ స్కేలులో ఒక మిల్లీమీటరు అంటే నేల మీద 24 మీటర్లు. గీతల మధ్య అర మిల్లీమీటరే ఉంటే వాలు 45 డిగ్రీలు, చేతులు నేలకానించి ఎక్కాల్సిందే. ఒక మిల్లీమీటరైతే 27 డిగ్రీలు, రెండైతే 14, ఐదైతే 6. స్కూలు పిల్లల స్కేలుతో ఒక గంట కొలిస్తే ఆ తర్వాత కంటికే తెలుస్తుంది. ఫోన్ యాప్‌లో జూమ్ మారగానే ఈ కొలత చెల్లదు.

వెన్ను, వేలు, వంక

కొండ పైన పొడవుగా సాగే వెన్నే రిడ్జ్. దాని నుంచి పక్కకు దిగే వేళ్లలాంటివి స్పర్‌లు, కొందరు ఫింగర్ రిడ్జ్ అంటారు. రెండు వేళ్ల మధ్య పల్లం డ్రా, అంటే మన వంక. మ్యాపులో స్పర్, డ్రా రెండూ బాణం ములుకుల్లా ఒకేలా కనబడతాయి, కొత్తవాళ్లు పొరబడేది ఇక్కడే. ములుకు ఎత్తు వైపు చూస్తే అది వంక. పల్లం వైపు చూస్తే అది స్పర్. దగ్గర్లోని లావు గీతల మీది అంకెలు చూసి ఎటు ఎత్తో తేల్చుకున్నాకే పేరు పెట్టండి. డ్రైనేజ్ అన్నది ఇంకా పెద్ద మాట: ఒక వాగులోకి నీళ్లు దింపే వంకలన్నీ, వాటి వాలులన్నీ కలిపి. "ఫలానా డ్రైనేజ్‌లో ఉన్నాను" అంటే కొన్ని మైళ్ల మేర ఎక్కడైనా ఉండొచ్చు. తోడు వచ్చినవాళ్లకు అలా చెప్పి ఊరుకోకండి, జీపీఎస్ అంకెలూ చెప్పండి.

వెన్ను మీద నడిచేటప్పుడు శిఖరపు గీత మీద నడవొద్దు. ఆకాశం ముందు మనిషి ఆకారం మైలు దూరం నుంచీ కనబడుతుంది. కొంచెం కిందుగా, వాలంతా కనబడే చోట నడవాలి.

కనుమ

శాడిల్ అంటే గుర్రం జీను. రెండు శిఖరాల మధ్య వెన్ను వంగి దిగిన చోటు, మన కనుమ. మ్యాపులో రెండు పక్కలా మూసుకున్న గుండ్రటి గీతలు, మధ్యలో డమరుకం నడుములా సన్నబడిన ఖాళీ. ఒక డ్రైనేజ్ నుంచి ఇంకో దానిలోకి పోవాలంటే ఎల్క్ తక్కువ ఎత్తు ఎక్కే దారినే ఎంచుకుంటుంది, అందుకే కనుమలో బాటలు కలుస్తాయి. అయితే సరిగ్గా కనుమ నడిమధ్యన కూర్చోవడం పెద్ద తప్పు. గాలి అక్కడ ఇరుకులో దూరి వేగంగా, ఉండుండి దిక్కు మారుతూ వీస్తుంది. మీ వాసన రెండు వైపులకూ పోతుంది. బాట మీదికి చూపు అందే దూరంలో, గాలి వాలున పక్కకు జరిగి కూర్చోండి.

అరుగు

అన్నిటికన్నా విలువైన మాట బెంచ్. ఏటవాలు మధ్యలో ఇంటి ముందు అరుగులా చదునుగా నిలిచిన మెట్టు. బాగా దగ్గరగా వస్తున్న గీతలు ఒక్కసారి విడిపోయి, మళ్లీ దగ్గరైతే అక్కడ అరుగు ఉన్నట్టు. ఉత్తరపు వాలులో, చిక్కటి చెట్ల నీడలో, పై భాగాన ఉన్న అరుగు మీద ఎల్క్ పగటిపూట పడుకుంటుంది. పగలు కింది నుంచి ఎక్కే గాలి పల్లంలోని వాసన తెస్తుంది, కళ్లకు కింది వాలు కనబడుతుంది, బెదిరితే రెండు అంగల్లో వెన్ను దాటిపోతుంది.

40 అడుగుల గీతలు చిన్న అరుగుల్ని మింగేస్తాయి. పదిహేను మీటర్ల వెడల్పు మెట్టు మ్యాపులో అసలు కనబడకపోవచ్చు. అలాగే 35 అడుగుల నిలువు రాయి కూడా రెండు గీతల మధ్య దాక్కోగలదు, దిగే దారి గీసుకునేటప్పుడు ఇది గుర్తుంచుకోండి. చిన్న అరుగును నేల మీదే వెతకాలి. పడక ఉంటే చెట్టు మొదట్లో రాలిన సూదాకు నలిగి కోడిగుడ్డు ఆకారంలో నొక్కుకుపోయి ఉంటుంది, దాదాపు మనిషి నడుమెత్తు పొడవున. లోపల మొరటు వెంట్రుకలు, పక్కన పెంటికలు కనబడతాయి. పెంటిక మెత్తగా, తడిగా, మెరుస్తూ ఉంటే పడక కొత్తది. అక్కడే ఆగి గాలి చూసుకోండి.

నీడ వైపు, ఎండ వైపు

తెలుగునాట మే నెలలో మధ్యాహ్నపు సూర్యుడు దాదాపు నడినెత్తిన ఉంటాడు, కాబట్టి కొండ ఉత్తరపు వాలుకూ దక్షిణపు వాలుకూ తేడా మనం పెద్దగా పట్టించుకోం. కొలరాడో మధ్యభాగం 39 డిగ్రీల అక్షాంశం. అక్కడ మధ్యాహ్నపు సూర్యుడు ఏడాది పొడవునా దక్షిణానే ఉంటాడు. ఫలితంగా దక్షిణపు వాలు ఎండి గడ్డి, సేజ్ పొదలతో బోడిగా ఉంటుంది. ఉత్తరపు వాలు చెమ్మగా, స్ప్రూస్, ఫర్ చెట్లతో చీకటిగా ఉంటుంది. ఈ చీకటి అడవినే డార్క్ టింబర్ అంటారు. రాత్రి, తెల్లవారుజామున గడ్డి వైపు మేత, పగలు చీకటి వైపు పడక. మ్యాపులో ఆకుపచ్చ రంగు చెట్లున్నాయని మాత్రమే చెబుతుంది, అది చీకటి అడవో పలచటి ఆస్పెన్ తోపో చెప్పదు. శాటిలైట్ ఫొటో పక్కన పెట్టి చూసుకోవాలి.

అడవి మధ్య గడ్డి మైదానం పార్క్. మ్యాపులో ఆకుపచ్చ మధ్య తెల్ల మచ్చ. దీన్ని నేషనల్ పార్క్‌తో కలపొద్దు, రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో వేట నిషేధం. మగ ఎల్క్ పొర్లాడే బురదగుంటను వాలో (wallow) అంటారు, దాన్ని సెప్టెంబరు ఎద కాలంలో ఊటల దగ్గర చూడండి. బేసిన్, బౌల్ అనేవి మూడు వైపులా కొండ చుట్టుకున్న గిన్నెలు. గాలికి కూలి అడ్డదిడ్డంగా పడ్డ చెట్లు బ్లోడౌన్, చప్పుడు లేకుండా దాటడం అసాధ్యం. చుట్టూ తిరిగి వెళ్లండి.

గాలి

ఈ పేర్లన్నీ కలిసేది ఇక్కడ. సూర్యుడు రాకముందు చల్లగాలి వంకల్లో నీళ్లలా కిందికి పారుతుంది. వాలుకు ఎండ తగిలిన కాసేపటికి అదే గాలి పైకి ఎక్కడం మొదలుపెడుతుంది. సాయంత్రం నీడ పడ్డ వాలు మీద మళ్లీ దిగుతుంది. వీటినే థర్మల్స్ అంటారు. తూర్పు వాలు పొద్దున్న ముందుగా మారుతుంది, సాయంత్రమూ ముందుగానే. కాబట్టి తెల్లవారుజామున ఎల్క్‌కు కింది నుంచి వెళ్లవచ్చు, గాలి మారే వేళకు దానితో సమానమైన ఎత్తుకో పైకో చేరి ఉండాలి. మబ్బు పట్టిన రోజు ఈ లెక్క తప్పుతుంది. వంక అడుగున గాలి ఎప్పుడూ సుడి తిరుగుతుంది, అక్కడి నుంచి దగ్గరకు వెళ్లే ప్రయత్నం మానుకోండి. చిన్న డబ్బాలో టాల్కం లాంటి పొడి ఉంచుకుని, ఆగిన ప్రతిచోటా చిటికెడు వదిలి చూడండి.

కాల్చే ముందు కూడా నేల చదవాలి. పెద్ద మగ ఎల్క్ దాదాపు 700 పౌండ్లు ఉంటుంది. ఎముకలు తీసినా మాంసం సుమారు 200 పౌండ్లు, అంటే ఒక మనిషికి 50 పౌండ్ల చొప్పున నాలుగు మోతలు. గీతలు అర మిల్లీమీటరు దూరంలో ఉన్న వంక అడుగున పడితే ఆ నాలుగు మోతలూ 45 డిగ్రీల వాలు ఎక్కించాలి. పొద్దున్నే మ్యాపు మీద అలాంటి వంకలకు ఎర్ర పెన్సిల్‌తో గీత కొట్టుకుని బయల్దేరండి.