ఫ్యాన్ లేని ఎస్ఎంపీఎస్‌తో చిన్న కంప్యూటర్: వచ్చే సమస్యలు, పరిష్కారాలు

పాప నిద్రపోయాక అదే గదిలో పని చేసుకోవాలని, ఫ్యాన్ లేని ఎస్ఎంపీఎస్ (గోడ ప్లగ్ కరెంటును కంప్యూటర్‌కి కావలసిన తక్కువ వోల్టులకి మార్చే డబ్బా) పెట్టి ఓ చిన్న కంప్యూటర్ అసెంబుల్ చేసుకున్నాను. 17 సెంటీమీటర్ల చదరపు మినీ ఐటీఎక్స్ మదర్‌బోర్డు, రైజెన్ 5 5600జీ ప్రాసెసర్, ఒక ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, చప్పుడు చేయని స్టోరేజీ). విడిగా గ్రాఫిక్స్ కార్డు లేదు.

మామూలు ఎస్ఎంపీఎస్‌లో ఉండే ఫ్యాన్ తన వేడినే కాదు, చాలా కేబినెట్లలో లోపలి వేడి గాలిని కూడా కొంత బయటికి తోస్తుంది. ఆ ఫ్యాన్ తీసేస్తే ఆ పని ఇంకెవరు చేస్తారో ముందే ఆలోచించాలి. నాకు ఎదురైన ఇబ్బందుల్లో పెద్దవి అక్కడే మొదలయ్యాయి.

సమస్య: అరగంట బాగా నడిచి, టక్కున ఆగిపోతుంది

ఎర్రర్ ఏమీ రాదు. స్విచ్ తీసేసినట్టే ఆగిపోతుంది. కాసేపు చల్లారాక మళ్లీ మామూలుగా ఆన్ అవుతుంది.

ముందు ప్రాసెసర్ ఉష్ణోగ్రత చూడండి. 5600జీ 95 డిగ్రీల దగ్గర తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, వెంటనే ఆగిపోదు. అది 70 దగ్గర ఉండగానే కంప్యూటర్ ఆగిపోతుంటే ఎస్ఎంపీఎస్‌ని అనుమానించాలి. లోపల వేడెక్కితే తనను తాను కాపాడుకోవడానికి అది కరెంటు ఆపేస్తుంది.

నా విషయంలో కారణం ఎస్ఎంపీఎస్‌ని బిగించిన తీరు. ఫ్యాన్ ఉన్నదాన్ని ఫ్యాన్ కిందికి పెట్టి బిగించడం అలవాటు కదా, దీన్నీ చిల్లులున్న వైపు కిందికే పెట్టాను. వేడి గాలి పైకి పోతుంది కాబట్టి చిల్లులు పైకే ఉండాలి, వాటి పైన ఖాళీ ఉండాలి. తిప్పి బిగించాను. కేబినెట్ మీద పుస్తకాలు పెట్టడం మానేశాం. దాంతో ఆగిపోవడం బాగా తగ్గింది.

పూర్తిగా పోయింది మాత్రం వెనక వైపు 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ ఒకటి పెట్టాకే. నిమిషానికి 500 చుట్లు తిరిగే పెద్ద ఫ్యాన్ మీటరు దూరంలో కూర్చున్నవాళ్లకి దాదాపు వినపడదు. ఒక్క ఫ్యాన్ కూడా వద్దని పట్టుబట్టకండి. అది లేకపోతే ప్రాసెసర్ మీది చిన్న ఫ్యాన్ గొంతెత్తుతుంది.

కొనేటప్పుడే ఎస్ఎంపీఎస్ ఎఫిషియెన్సీ, అంటే తీసుకున్న కరెంటులో ఎంత శాతం కంప్యూటర్‌కి అందిస్తుందో చూసుకోండి. 120 వాట్లు ఇవ్వాల్సినప్పుడు 92 శాతం ఎఫిషియెన్సీ ఉన్నది సుమారు 10 వాట్లు వేడిగా వదులుతుంది. 80 శాతం ఉన్నదైతే 30 వాట్లు. ఫ్యాన్ లేని చోట ఆ తేడా చాలా పెద్దది.

సమస్య: చలికాలంలో బాగుంది, మే నెలలో నెమ్మదించింది

గది 25 డిగ్రీల నుంచి 35కి చేరితే లోపలి భాగాలూ ఇంచుమించు ఆ 10 డిగ్రీలు పెరుగుతాయి. విజయవాడలోనో రామగుండంలోనో ఉండేవాళ్లు డిసెంబరులో పరీక్షించి ధీమాగా ఉండకూడదు. బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ చేయగానే తెరవగలిగే సెట్టింగుల పేజీలో) ప్రాసెసర్ టీడీపీని, అంటే అది వాడే కరెంటుకీ వదిలే వేడికీ ఉన్న పరిమితిని, 65 నుంచి 45 వాట్లకి తగ్గించండి. ఆఫీసు పనుల్లో, బ్రౌజింగ్‌లో తేడా తెలియదు. దుమ్ము జాలీని నెలకోసారి దులపండి.

సమస్య: సన్నటి కీచు శబ్దం

మౌస్ కదిపినా, పేజీ స్క్రోల్ చేసినా శబ్దం మారుతుంటే అది బోర్డులోనో ఎస్ఎంపీఎస్‌లోనో ఉండే కాయిల్ (తీగ చుట్ట) నుంచి వస్తోందన్నమాట. కాయిల్‌లో పారే కరెంటు వేగంగా మారుతుంటే తీగ చుట్లు సన్నగా కంపిస్తాయి. దీనివల్ల సాధారణంగా ప్రమాదం లేదు. మామూలు కంప్యూటర్లోనూ ఉండొచ్చు కానీ ఫ్యాన్ హోరులో వినపడదు.

కాగితాన్ని గొట్టంలా చుట్టి చెవి దగ్గర పెట్టుకుంటే ఎక్కడి నుంచి వస్తోందో తెలుస్తుంది. బోర్డు నుంచైతే బయోస్‌లో సీ-స్టేట్స్ (పని లేనప్పుడు ప్రాసెసర్ కరెంటు ఆదా చేసే ఏర్పాటు) ఆపి చూడండి. అప్పుడు ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కాస్త ఎక్కువ కాలుతుంది. శబ్దం తగ్గకపోతే మళ్లీ ఆన్ చేసేయండి. ఎస్ఎంపీఎస్ నుంచైతే వారంటీలో మార్పించుకోవడమే మార్గం. కాయిల్ కంపించకుండా జిగురు పోద్దామని మాత్రం దాన్ని విప్పకండి. ప్లగ్ తీశాక కూడా లోపలి పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకి పైగా మిగిలి ఉండొచ్చు, ప్రాణం మీదికి వస్తుంది.

సమస్య: కరెంటు పోగానే ఎస్ఎంపీఎస్ బుర్రుమంటుంది

చవక ఇన్వర్టర్ లేదా యూపీఎస్ ఇచ్చే స్క్వేర్ వేవ్ కరెంటు (గోడ కరెంటులా నున్నటి అలగా కాక, మెట్లు మెట్లుగా మారేది) దీనికి కారణం. నేటి మంచి ఎస్ఎంపీఎస్‌లలో ఉండే యాక్టివ్ పీఎఫ్‌సీకి (కరెంటును వోల్టేజి అలకు తగ్గట్టు తీసుకునేలా చేసే సర్క్యూట్‌కి) అది పడదు. గోడ కరెంటులాంటి నున్నటి అలనిచ్చే ప్యూర్ సైన్ వేవ్ యూపీఎస్ వాడితే మోత ఆగుతుంది.

సమస్య: ప్రాసెసర్ ఫ్యాన్ ఊరికే లేస్తూ తగ్గుతూ ఉంటుంది

ఒకే తీరున వచ్చే చిన్న చప్పుడు కన్నా ఇలా మారే చప్పుడే నిద్ర చెడగొడుతుంది. బయోస్‌లోని ఫ్యాన్ సెట్టింగుల్లో నాలుగు పిన్నుల ఫ్యాన్‌కి పీడబ్ల్యూఎం (పల్సులతో వేగం మార్చే పద్ధతి), మూడు పిన్నులదానికి డీసీ (వోల్టేజితో వేగం మార్చే పద్ధతి) మోడ్ ఎంచుకోండి. 60 డిగ్రీల దాకా ఒకే వేగంలో ఉంచి, వేగం మారే ముందు కొన్ని సెకన్లు ఆగేలా పెట్టండి.

సమస్య: టేబుల్ మొత్తం గుయ్యిమంటుంది

నిమిషానికి 7200 చుట్లు తిరిగే హార్డ్ డిస్క్ సెకనుకి 120 సార్లు కంపిస్తుంది. తంబురా బుర్రలాగే టేబుల్ చెక్క ఆ నాదాన్ని పెంచుతుంది. స్క్రూల దగ్గర రబ్బరు వాషర్లు, కేబినెట్ కింద మెత్తటి రబ్బరు షీటు వేస్తే తగ్గుతుంది. నేనైతే మొదట ఇందులోనే ఉన్న హార్డ్ డిస్క్‌ని హాల్లో రౌటర్ పక్కకి మార్చి, నెట్‌వర్క్‌లో వాడుకుంటున్నాను. పాప గదిలో ఇప్పుడు ఎస్ఎస్‌డీ ఒక్కటే ఉంది.