ఇంటి వెనక మట్టి జారకుండా రిటైనింగ్ గోడ ఎలా కట్టాలి?

విశాఖలో కొండవాలు మీద ఇల్లున్న వాళ్లకి వాన పడిన రాత్రి చెవులన్నీ వెనకవైపే ఉంటాయి. మా ఇంటి వెనక నాలుగడుగుల ఎర్రమట్టి కోత ఉంది. దానికి కట్టించిన మొదటి గోడకి రెండో వానాకాలంలోనే పొట్ట వచ్చేసింది. కూలగొట్టి చూస్తే రాళ్లు దిట్టంగానే ఉన్నాయి, వెనక మట్టి మాత్రం పప్పులా జారుతోంది. నీళ్లు పోవడానికి పెట్టిన మూడు పైపుల్లో రెండింటిని, చూడ్డానికి బాగోలేదని ప్లాస్టరింగ్ చేసినవాళ్లు సిమెంటుతో పూడ్చేశారు!

అందుకే ముందు లెక్క చెబుతాను. పొడిగా ఉన్న మామూలు ఇసుకమట్టి, మీటరు ఎత్తు గోడని మీటరు పొడవుకి సుమారు 300 కిలోల బలంతో తోస్తుంది. ఎత్తు రెండు మీటర్లయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు, అంటే 1,200 కిలోలు. గోడని పడదోసే ఊపు ఎనిమిదింతలవుతుంది. ఇక గోడ వెనక నీళ్లు నిండా నిలిస్తే, ఆ మీటరు ఎత్తుకే నీటి తోపు ఒక్కటే దాదాపు 500 కిలోలు. మట్టి తోపు దానికి అదనం. 2025 ఏప్రిల్ 30 తెల్లవారుజామున సింహాచలంలో భారీ వానకి గోడ కూలి, చందనోత్సవానికి క్యూలో నిలబడిన ఏడుగురు చనిపోయారు. గోడ ఎంత లావుగా ఉండాలన్నది రెండో ప్రశ్న. నీళ్లు ఎటు పోవాలన్నదే మొదటిది.

ఏ గోడ కట్టాలి?

కొండ కోస్తున్నారా, మట్టి పోసి నింపుతున్నారా అన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి.

ఫ్లైఓవర్ ఎక్కేచోట పక్కన పలకలు పలకలుగా కనిపించే గోడలు చూసే ఉంటారు. అక్కడ బరువు మోసేది ఆ పలకలు కాదు, వాటి వెనకున్న మట్టే. మట్టి పొరపొరకీ మధ్య ఇనుప పట్టీలు గానీ, ప్లాస్టిక్ జాలీ లాంటి జియోగ్రిడ్ గానీ పరిచి, రోలర్‌తో తొక్కుతూ పైకి లేపుతారు. మట్టికీ పట్టీకీ మధ్య రాపిడే మొత్తం దిబ్బని ఒక్క ముద్దలా పట్టి ఉంచుతుంది. పలకలు పైన తొడిగిన చొక్కా లాంటివి. 1960లలో ఫ్రెంచి ఇంజినీరు ఆన్రీ విడాల్ దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. బాగానే ఉంది కానీ, పట్టీలు గోడ ఎత్తులో కనీసం 70 శాతం పొడవున వెనక్కి వెళ్లాలి. మూడు మీటర్ల గోడకి వెనక రెండు మీటర్ల పైచిలుకు జాగా కావాలి. కొత్తగా మట్టి పోసి ఎత్తు లేపేచోట ఇది చవక. కొండ కోసి కట్టుకున్న ఇంటి వెనక అంత లోపలికి తవ్వితే పై ఇంటి పునాదే కదులుతుంది.

తీగ బుట్టల్లో రాళ్లు నింపే గేబియన్ గోడలో నీళ్లు వాటంతటవే కారిపోతాయి, కానీ చోటు ఎక్కువ తింటుంది. ఆరేడు అడుగులు దాటితే ఆర్‌సీసీ గోడే మేలు, దానికి ఇంజినీరు డిజైన్ తప్పనిసరి. నాలుగడుగుల లోపు, పైన కారు గానీ ఇల్లు గానీ లేకపోతే, రాతి గోడ సరిపోతుంది. కింద చెప్పేది దాని గురించే.

కట్టే పద్ధతి

ఎండాకాలంలోనే మొదలుపెట్టండి. కోత మొత్తాన్ని ఒకేసారి తవ్వకండి. ఏడెనిమిది అడుగుల ముక్క తవ్వి, కట్టి, ఆ తర్వాతే పక్క ముక్క ముట్టుకోవాలి. నిలువుగా కోసిన మట్టి కింద ఎవర్నీ కూర్చోనివ్వకండి, భోజనానికైనా సరే.

పునాది నేల మట్టం నుంచి కనీసం అడుగున్నర లోతు, గట్టి నేల తగిలేదాకా. పోసిన మట్టి మీద పునాది పెడితే గోడ ముందుకు వాలుతుంది. నాలుగడుగుల గోడకి అడుగున మూడడుగులు, పైన అడుగున్నర వెడల్పు ఉంచండి. మేస్త్రీలు పైదాకా ఒకే వెడల్పుతో నిటారుగా లేపేస్తుంటారు. ముందు ముఖం కొండవైపు వాలాలని దారం కట్టి ముందే చూపించాలి.

పెద్ద రాళ్లు అడుగున వేయాలి. ప్రతి వరసలో అక్కడక్కడా గోడ వెడల్పు మేరా ఉండే కట్టురాళ్లు పడాలి. అవి లేకపోతే ముందు పొర, వెనక పొర విడివిడి గోడలైపోతాయి. ఒక్క రాయి అంత పొడవు లేకపోతే రెండు రాళ్లు ఒకదానిమీదికొకటి ఎక్కేలా పెట్టమనండి. సందుల్లో రాతి చిప్పలు కొట్టాలి, సిమెంటు ముద్దలు కుక్కి సరిపెట్టకూడదు.

నీళ్ల దారి

ఈ పని జరిగేటప్పుడు మీరు అక్కడే ఉండండి. నేల మట్టానికి అరడుగు పైన మొదటి వరస, దానికి రెండడుగుల పైన రెండో వరస, మూడంగుళాల పీవీసీ పైపులు ఐదడుగులకొకటి పెట్టించండి. పై వరసవి కింది పైపుల మధ్యలోకి రావాలి. పైపు ముందుకి కాస్త వంగి ఉండాలి. లోపలి మూతికి, నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి, గోడ వెనక పొడవునా అడుగు మందాన కంకర పోయాలి. కంకరకీ మట్టికీ మధ్య కూడా అదే గుడ్డ. అది లేకపోతే రెండేళ్లలో మట్టి కంకరలోకి దిగి అంతా బంకగా మారుతుంది.

వెనక నింపడానికి మొరం గానీ ఇసుకమట్టి గానీ వాడండి. నల్లరేగడి వద్దు, తడిస్తే ఉబ్బి గోడని తోస్తుంది. సిమెంటు వారం పది రోజులు తడిసి గట్టిపడ్డాకే నింపాలి. అరడుగు పొర పోయడం, కొద్దిగా తడపడం, దిమ్మిసతో కొట్టడం, మళ్లీ పొర. లారీ మట్టి ఒక్కసారే ఒంపేస్తే మొదటి వానకే కుంగుతుంది. పై అడుగు మాత్రం నీరు ఇంకని గట్టి మట్టితో మూసి, కొండవైపు నుంచి వచ్చే నీటికి పైన చిన్న కాలవ తీయండి.

మొదటి పెద్ద వాన తగ్గగానే గొడుగేసుకుని వెళ్లి పైపుల కింద తెల్ల ప్లాస్టిక్ మగ్గు పట్టండి. నీళ్లు తేటగా వస్తే పని కుదిరినట్టే. ఎర్రగా వస్తే గుడ్డ ఎక్కడో చిరిగింది, నీళ్లతో పాటు వెనక మట్టీ కొట్టుకొస్తోంది. అసలేమీ రాకపోయినా, వాన గట్టిగా పడి పైన నేల చిత్తడిగా ఉంటే నమ్మకండి. పైపులోకి సన్నటి ఊచ దూర్చి చూడండి. మా రెండో గోడకి నేను చేసిన మొదటి పని అదే, అప్పటికే ఒక దాంట్లో కందిరీగలు గూడు కట్టేశాయి.