ప్రాంగ్‌హార్న్ వేటకు రైఫిల్ తూటా ఎంచుకోవడం ఎలా?

అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రపు మైదానాల్లో తిరిగే, జింకలా కనిపించే ప్రాంగ్‌హార్న్‌ని అక్కడివాళ్లు యాంటిలోప్ అనే పిలుస్తారు. మన కృష్ణజింకకూ దీనికీ దగ్గర చుట్టరికం లేదు. ఇండియాలో 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం కృష్ణజింకను వేటాడితే జైలుకే. ఇక్కడ చెప్పేది అమెరికాలో లైసెన్సుతో చేసే వేట గురించి.

1. ముందు కాగితాలు. 1966 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు వయోమింగ్‌లో హంటర్ ఎడ్యుకేషన్ సర్టిఫికెట్ కావాలి. హెచ్-1బి లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. అయినా లాయర్‌ని అడిగాకే తుపాకీ ముట్టుకోండి.

2. క్యాలిబర్, అంటే తూటా సైజు. మగ ప్రాంగ్‌హార్న్ బరువు 45 నుంచి 60 కిలోలు, అంతే. దీనికి మాగ్నమ్‌లు, అంటే మందు ఎక్కువుండే బలమైన తూటాలు, అక్కర్లేదు. 243 విన్‌చెస్టర్, 6.5 క్రీడ్‌మూర్, 1925 నుంచీ ఉన్న 270 విన్‌చెస్టర్, ఈ తూటా రకాల్లో ఏదైనా సరిపోతుంది. ఇంట్లో 30-06 తూటా కాల్చే రైఫిల్ ఉంటే కొత్తది కొనకండి.

3. గాలి. అసలు చిక్కంతా ఇక్కడే. చాటుకు చెట్టుండదు, జంతువు మిమ్మల్ని మైలు దూరం నుంచే పసిగడుతుంది, అందుకే దూరం నుంచి కాల్చాల్సి వస్తుంది. గంటకు 10 మైళ్ల అడ్డగాలిలో 300 గజాల దగ్గర 243లోని మామూలు 100 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే బుల్లెట్ బరువు కొలత) బుల్లెట్ దాదాపు 8 అంగుళాలు పక్కకు పోతుంది. 6.5లోని సన్నటి, పొడవాటి 143 గ్రెయిన్ల బుల్లెట్ 5, 6 అంగుళాలతో సరిపెడుతుంది. గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు మొత్తం వెడల్పే 8, 9 అంగుళాలు. తేడా వస్తే దెబ్బ పేగుల్లో తగులుతుంది, గాయపడ్డ జంతువు కళ్లముందే కొండ దాటిపోతుంది. నా ఓటు 6.5కే.

4. తన్ను, అంటే పేలగానే తుపాకీ భుజాన్ని వెనక్కి నెట్టడం. షూటింగ్ రేంజ్‌లో అసలు తూటాల మధ్య మీకు తెలియకుండా స్నేహితుడిచేత ఒక డమ్మీ (పేలని) తూటా పెట్టించండి. ట్రిగ్గర్ నొక్కగానే "టిక్" మంటుంది, తుపాకీ మూతి మాత్రం కిందికి దిగుతుంది. అంటే మీరు తన్నుకు ముందే జడుస్తున్నారన్నమాట. నా 270తో నాకూ ఇదే జరిగింది. క్యాలిబర్ తగ్గించడానికి సిగ్గుపడకండి.

5. బుల్లెట్. లోపల విచ్చుకునే వేట బుల్లెట్టే కావాలి. నక్కల కోసం చేసిన పలచటి బుల్లెట్లు, పూర్తి లోహపు తొడుగువి వద్దు. 243కి 95–100 గ్రెయిన్లు, 270కి 130 బాగుంటాయి. కాలిఫోర్నియాలో 2019 జులై నుంచి వేటకు సీసం నిషేధం. అక్కడ రాగి బుల్లెట్ తీసుకోవాలి, బరువు ఒక మెట్టు తగ్గించండి.

6. కాగితం మీద పరీక్ష. రెండు మూడు బ్రాండ్లు ఒక్కో డబ్బా కొని, 100 గజాల దగ్గర బల్ల మీద ఆనించి మూడేసి కాల్చండి. మూడు చిల్లులూ అంగుళంన్నరలోపు పడిన రకాన్నే సీజన్‌కి సరిపడా, ఒకే లాట్ నంబర్‌లో, అంటే ఒకే విడతలో తయారైనవి, కొనండి. గురి 200 గజాలకు సరిచేసుకోండి. ఆ తర్వాత బల్ల వదిలి, కూర్చుని, టిఫిన్ పెట్టే చిన్న పేపర్ ప్లేటు మీద కాల్చండి. ఏ దూరం వరకు అన్నీ ప్లేటులోనే పడతాయో అదే మీ హద్దు. నాది 250 గజాలు.